రిఫైనరీ రాలేదు, గీత మాత్రం ఉండిపోయింది: విశాఖ–కాకినాడ పీసీపీఐఆర్‌పై ఒక ప్లానర్ కేస్ స్టడీ

ఉత్తరాంధ్ర తీరంలో పీసీపీఐఆర్ అనే మాట వినని ఊరు ఉండదు. పెట్రోలియం, కెమికల్స్, పెట్రోకెమికల్స్ ఇన్వెస్ట్‌మెంట్ రీజియన్. అంటే చమురు, రసాయన పరిశ్రమల కోసం గీసిన ప్రాంతం. ఈ పూర్తి పేరు తప్పు లేకుండా చెప్పగలిగిన సర్పంచ్‌ని నేను ఇద్దరినే చూశాను, వాళ్లలో ఒకాయన రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆ ప్రాజెక్టులో నా వాటా చాలా చిన్నది. 2010 తర్వాత రెండేళ్లపాటు ఒక కన్సల్టెన్సీలో జీఐఎస్ మ్యాపులు (కంప్యూటర్లో పొరలు పొరలుగా గీసేవి) గీశాను, ఊళ్లు తిరిగాను, అభ్యంతరాల సమావేశాల్లో వెనక బెంచీలో కూర్చుని రాసుకున్నాను. తర్వాత ఉద్యోగాలు మారినా పని మాత్రం తిరిగి తిరిగి అదే తీరానికి వచ్చింది. అందుకే దీన్ని రాయగలననిపించింది.

కేంద్రం ఒక నగరం చుట్టూ పాలనను ఎలా మారుస్తుంది అని ఎవరైనా అడిగితే చాలామంది డబ్బు గురించి మాట్లాడతారు. ఈ కేసులో డబ్బు పెద్దగా రాలేదు. వచ్చింది ఒక కొలత.

2007లో కేంద్ర రసాయనాలు, పెట్రోకెమికల్స్ విభాగం తెచ్చిన పాలసీలో ఒక్కో రీజియన్ సుమారు 250 చదరపు కిలోమీటర్లు ఉండాలన్నారు. అందులో దాదాపు 40 శాతం ప్రాసెసింగ్ ఏరియా, అంటే ఫ్యాక్టరీలు కూర్చునే జాగా. మధ్యలో ఒక యాంకర్ టెనెంట్, అంటే రిఫైనరీయో, క్రాకరో (ప్లాస్టిక్ లాంటివాటికి ముడిపదార్థం తీసే ప్లాంటు) ఉండాలి, దాన్నుంచి వచ్చే ముడిసరుకు మీద చుట్టూ చిన్న పరిశ్రమలు బతకాలి. రోడ్లు, రైలు, పోర్టులు లాంటి బయటి లింకులు కేంద్రం చూసుకుంటుంది, అదీ వీలైనంతవరకు పీపీపీలో, అంటే ప్రైవేటు భాగస్వామ్యంతో. భూమి, నీళ్లు, కరెంటు, పర్మిషన్లు రాష్ట్రం పని. వింటే ఇదంతా ఇంజినీరింగ్ లాగే ఉంటుంది. కానీ ఆ 250 అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మన దగ్గర అంత జాగా ఏ ఒక్క పంచాయతీలోనూ ఇమడదు, మామూలు మున్సిపాలిటీలోనూ ఇమడదు, ఒక మండలంలో ఇమడడమూ కష్టమే. అంటే ఈ పాలసీకి దరఖాస్తు పెట్టాలనుకున్న రాష్ట్రం అప్పటికే ఉన్న స్థానిక సంస్థలకి పైన ఇంకో సంస్థను పుట్టించక తప్పదు. "మీ పాలన మార్చండి" అని ఢిల్లీ ఎక్కడా రాయలేదు, కొలత చెప్పి ఊరుకుంది. మిగతాది రాష్ట్రమే చేసుకుంది.

మన రాష్ట్రం 250 దగ్గర ఆగలేదు కూడా. 2009లో ఆమోదం వచ్చినప్పటి పత్రాల్లో విస్తీర్ణం 603 చదరపు కిలోమీటర్లు, తర్వాతి పత్రాల్లో 640. విశాఖకి దక్షిణాన మొదలై అచ్యుతాపురం, రాంబిల్లి, నక్కపల్లి, పాయకరావుపేట, తొండంగి మీదుగా కాకినాడ దాకా సముద్రాన్ని ఆనుకుని ఒక పట్టీ. 3.43 లక్షల కోట్ల పెట్టుబడి, దాదాపు 12 లక్షల ఉద్యోగాలు అని అంచనాలు. చైనాలో షాంఘై పక్కన పూడాంగ్‌ను 1990లో ప్రకటించినప్పుడు దాని విస్తీర్ణం సుమారు 350 చదరపు కిలోమీటర్లు, ఇంతకంటే తక్కువే. మా ఆఫీసులో పూడాంగ్ టవర్ల ఫొటో ఒకటి ప్రెజెంటేషన్ మొదటి స్లైడులో ఎప్పుడూ ఉండేది. ఎవరూ చెప్పని సంగతి ఏంటంటే, అక్కడ పూడాంగ్‌ను నడిపే మనిషికి షాంఘై నగర పార్టీ నాయకత్వంలోనే స్థానం ఇస్తారు, మూడేళ్లకి కమిటీ, పదేళ్లకి పూర్తి స్థాయి జిల్లా ప్రభుత్వం వచ్చాయి. అక్కడ జోన్‌తో పాటు హోదా ఉన్న మనిషిని పంపారు, ఇక్కడికి ఫైలు పంపారు.

మన వైపు వచ్చింది విశాఖ–కాకినాడ పీసీపీఐఆర్ స్పెషల్ డెవలప్‌మెంట్ అథారిటీ. దీనికోసం కొత్త చట్టం ఏమీ చేయలేదు, అప్పట్లో పట్టణాభివృద్ధి సంస్థలన్నీ ఏ 1975 చట్టం కింద నడిచేవో దాని కిందే పెట్టేశారు. చూడ్డానికి ఇది సాంకేతిక విషయం. ఊళ్లో మాత్రం ఇదే అసలు మార్పు, ఎందుకంటే ఆ చట్టం కిందికి వచ్చిన మరుక్షణం లేఅవుట్ అనుమతి, భూవినియోగ మార్పు, డెవలప్‌మెంట్ ఛార్జీలు అన్నీ పంచాయతీ చేయి దాటి అథారిటీకి పోతాయి. పంచాయతీకి మిగిలేది వీధి లైట్లూ మురుగు కాలవలూ.

అథారిటీ వచ్చేనాటికి అక్కడ ఖాళీగా ఏమీ లేదు, అది ఇంకో తమాషా. విశాఖ నగరపాలక సంస్థ 2005లోనే గాజువాకనీ 32 గ్రామాల్నీ కలుపుకుని గ్రేటర్ అయింది. 1978 నుంచి ఉన్న విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ వుడా ఉంది, అదే 2018లో వీఎంఆర్‌డీఏ అయింది. పరిశ్రమలకి భూములిచ్చే రాష్ట్ర సంస్థ ఏపీఐఐసీ ఉంది. సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) గోడ లోపల జరిగేదానికి దువ్వాడలో కూర్చునే డెవలప్‌మెంట్ కమిషనర్ ఉన్నారు, ఆయన కేంద్ర వాణిజ్య శాఖ మనిషి. రాంబిల్లి వైపు నేవీ బేస్ ఉంది. తీరం కాబట్టి సముద్రం పక్కన కట్టడాలకి హద్దులు పెట్టే సీఆర్‌జెడ్ నిబంధనలు ఉన్నాయి. ఒకసారి రాంబిల్లి మండలంలో ఓ కుర్రాడు తన సొంత జాగాలో టిఫిన్ హోటల్ కట్టుకోవాలని, ఎవరి దగ్గర పర్మిషన్ తీసుకోవాలో చెప్పమని నన్ను అడిగాడు. కాగితం మీద గీసి చూపిద్దామని మొదలెట్టి ఐదు ఆఫీసుల దగ్గర ఆగిపోయాను. "అన్నా, ఇడ్లీలకే ఇంత ఉంటే రిఫైనరీకి ఎంతుంటాది" అన్నాడు. హోటల్ కట్టేశాడనుకోండి. రేకుల షెడ్డు, ఎవర్నీ అడగలేదు.

ఇక రంగు సంగతి. ప్లానింగ్ మ్యాపుల్లో ఇళ్ల జాగా పసుపు, పొలం ఆకుపచ్చ, పరిశ్రమ ఊదా. ముసాయిదా మ్యాపు మండల ఆఫీసు గోడకి అంటించిన రోజు జనం పట్టాదారు పాసు పుస్తకాలు ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని వచ్చారు. ఎవరూ పాలసీ గురించి అడగలేదు, యాంకర్ టెనెంట్ గురించీ అడగలేదు. అందరిదీ ఒకే ప్రశ్న: "మా సర్వే నంబరు ఏ రంగులో ఉంది?" మ్యాపు స్కేలు ఎంత చిన్నదంటే ఎకరం పొలం అందులో ఆవగింజంత కూడా ఉండదు. మా టీములో ఒకమ్మాయి లాప్‌టాప్‌లో జూమ్ చేసి ఒక్కొక్కరికీ చూపించింది, మధ్యాహ్నానికి కరెంటు పోయింది, బ్యాటరీ అయిపోయింది, క్యూ మాత్రం తగ్గలేదు. లుంగీ కట్టుకున్న ఒక పెద్దాయన గోడ మీది ఊదా మచ్చ మీద వేలు పెట్టి అలాగే నిలబడ్డాడు. "ఈ గీత గీసినోడు మా ఊరొచ్చినాడేటి బాబూ?" అన్నాడు.

ఆ గీత గీసింది నేనే. అక్కడ చెప్పలేదు.

పైగా ఆ ఊరి దగ్గర గీత తప్పు. గ్రామకంఠం (ఊరి ఇళ్ల జాగా) హద్దు కోసం నేను పాత టోపో షీటు వాడాను, ఆ షీటు సర్వే అయినది నేను పుట్టక ముందు. ఆ తర్వాత ఊరు రోడ్డుకి అవతలి వైపు పెరిగి, ప్రభుత్వం ఇచ్చిన పక్కా ఇళ్ల కాలనీ ఒకటి వచ్చింది, దాదాపు నూట ఇరవై గడప. ఆ కాలనీ మొత్తం నా మ్యాపులో ఊదా. శాటిలైట్ ఇమేజీలో ఇళ్లు కనిపిస్తూనే ఉన్నాయి, కానీ హద్దుల లేయర్ పైన ఉంది, నేను కిందికి తొంగి చూడలేదు. 640 చదరపు కిలోమీటర్ల పనికి మాకు ఇచ్చిన గడువు అలాంటిది అని సమర్థించుకోవచ్చు, కొన్నాళ్లు అలాగే సమర్థించుకున్నాను. కొలత పెద్దదయ్యేకొద్దీ తప్పు కనపడదు, ఎందుకంటే తప్పు ఎప్పుడూ కాలనీ అంత చిన్నదిగానే ఉంటుంది. ఆ సమావేశంలో రాసుకున్న అభ్యంతరాల్లో అది 43వది. సరిచేసి పంపాం. సరిచేసిన కాపీ పై ఆఫీసుకి చేరడానికి ఎనిమిది నెలలు పట్టింది, ఆలోగా పాత కాపీ ఫొటోలు బ్రోకర్ల ఫోన్లలో తిరిగేశాయి.

చట్టప్రకారం మాస్టర్ ప్లాన్ ఖరారు కావడం వేరు, రంగు పని చేయడం వేరు. ముసాయిదా గోడెక్కిన వారం నుంచే రంగు పని మొదలుపెట్టింది. ఊదాలో పడిన జిరాయితీ (సొంత పట్టా) భూమిని కొందరు ఎగబడి కొన్నారు, రేపు ప్రభుత్వం తీసుకుంటే పరిహారం వస్తుందని. కొందరికి అసలు బేరమే రాలేదు. ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమి సాగుచేసుకునేవాళ్ల పరిస్థితి మరీ ఘోరం, అమ్ముకునే హక్కు ముందే లేదు, ఇప్పుడు బావి తవ్వుదామన్నా బోరు వేద్దామన్నా "ఎలాగూ పోయేదే కదా" అని ఇంట్లోవాళ్లే ఆపేశారు. జీడితోటల్లో ముసలి చెట్లు తీసి కొత్త మొక్కలు పెట్టడం మానేసినవాళ్లని నేను చూశాను. జీడి చెట్టు కాపుకి రావాలంటే నాలుగైదేళ్లు, అన్నేళ్లు ఈ భూమి మనది అన్న నమ్మకం ఉంటేనే నాటుతారు. చాలామంది సరుగుడు వేశారు, మూడు నాలుగేళ్లలో కొట్టి అమ్ముకోవచ్చని. ఇవేవీ ఏ రిపోర్టులోనూ రావు. రిఫైనరీ రాని ఊళ్లో కూడా రిఫైనరీ పాలన నడిచింది అని నేను అనేది ఇందుకే.

రిఫైనరీ ఎందుకు రాలేదో క్లుప్తంగా చెప్తాను, ఇది పేపర్లలో వచ్చిందే. ప్రభుత్వ రంగ చమురు కంపెనీ హెచ్‌పీసీఎల్ ముందుండి, విదేశీ కంపెనీల్ని కూడా కలుపుకుని విశాఖలో భారీ రిఫైనరీ, పెట్రోకెమికల్ కాంప్లెక్స్ కట్టాలన్న ఆలోచన నడిచింది, ఆగింది. హెచ్‌పీసీఎల్ చివరికి తన పాత విశాఖ రిఫైనరీనే 8.33 మిలియన్ టన్నుల నుంచి 15 మిలియన్ టన్నులకు పెంచుకునే పనిలో పడింది. 2014 విభజన చట్టం 13వ షెడ్యూలులో కొత్త రిఫైనరీ, పెట్రోకెమికల్ కాంప్లెక్స్ సాధ్యాసాధ్యాలు ఆరు నెలల్లో పరిశీలించాలని రాశారు. గమనించండి, కట్టాలని కాదు, పరిశీలించాలని. 2017లో గెయిల్, హెచ్‌పీసీఎల్‌లతో కాకినాడలో సుమారు 32,900 కోట్ల క్రాకర్ కోసం ఎంఓయూ అయింది, లెక్కల్లో తేడా పడే మొత్తం, అదే వయబిలిటీ గ్యాప్, ఎవరు భరించాలన్న దగ్గర కేంద్రం రాష్ట్రం వైపు చూసింది, రాష్ట్రం కేంద్రం వైపు చూసింది. 2024 డిసెంబరులో బీపీసీఎల్ బోర్డు ఒక రిఫైనరీ కోసం ముందస్తు పనులకి 6,100 కోట్లు ఆమోదించింది. ఎక్కడనుకున్నారు? రామాయపట్నంలో. మేం గీసిన 640 చదరపు కిలోమీటర్లకి వందల కిలోమీటర్ల దక్షిణాన.

అంటే పేరు పెట్టేది కేంద్రం, యాంకర్‌ని పంపాల్సినవీ కేంద్రం చేతిలోని కంపెనీలే, ఆ కంపెనీలు మాత్రం తమ బోర్డు లెక్కలు తాము చూసుకుంటాయి. ఒక మంత్రిత్వ శాఖ గీసిన జోన్‌ని ఇంకో మంత్రిత్వ శాఖ కింది కంపెనీ పట్టించుకోవాలనేం లేదు.

అదే పాలసీ కింద గుజరాత్‌లో దహేజ్ నిలదొక్కుకుంది. అక్కడివాళ్లు మనకంటే తెలివైనవాళ్లని కాదు. ఓపాల్ అనే యాంకర్ ప్రాజెక్టు అప్పటికే చేతిలో ఉంది, పోర్టు ఉంది, పరిశ్రమల భూమి ముందే పోగుచేసి ఉంది, 2009లోనే స్పెషల్ ఇన్వెస్ట్‌మెంట్ రీజియన్ చట్టం చేసి ప్రాంతీయ అథారిటీకి సొంత కాళ్లు ఇచ్చారు. ఉన్నదానికి పేరు పెట్టారు, పేరు పెట్టి ఉన్నదనుకోలేదు. తమిళనాడు ఇంకో దారి పట్టింది. కడలూరు–నాగపట్నం రీజియన్‌కి 2012లో ఆమోదం తెచ్చుకుని, 2020లో కావేరి డెల్టాని రక్షిత వ్యవసాయ మండలంగా చట్టం చేస్తూ ఆ పీసీపీఐఆర్‌ని రద్దు చేసుకుంది. ఈ రెండోది నాకు ఎక్కువ ఆసక్తికరం. గీత చెరపడం కూడా రాష్ట్రం చేతిలోనే ఉందన్నమాట. మనం గీత చెరపలేదు, పూర్తిగా వాడుకోనూ లేదు. అలా ఉంచేశాం.

మరి జోన్‌లోకి ఏమీ రాలేదా అంటే, వచ్చాయి. అచ్యుతాపురం సెజ్ వచ్చింది, అందులో బ్రాండిక్స్ వెయ్యి ఎకరాల్లో బట్టల పార్కు పెట్టింది, ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వేలమంది ఆడపిల్లలు అక్కడ పనిచేస్తున్నారు. ఫార్మా కంపెనీలు వరసగా వచ్చాయి. వీటిలో చాలావాటికి పీసీపీఐఆర్ అన్న పేరుతో పనే లేదు, సెజ్ చట్టం రాయితీలూ, ఏపీఐఐసీ ప్లాట్లూ, పక్కనే పోర్టులూ చూసి వచ్చాయి.

సాయంత్రం షిఫ్టు వదిలే టైములో అచ్యుతాపురం జంక్షన్‌లో ఒక గంట నిలబడి చూస్తే ప్రాంతీయ పాలన అంటే ఏంటో రిపోర్టులకంటే బాగా అర్థమవుతుంది. కంపెనీ బస్సులు వరసగా వస్తాయి, పక్కనే ఆటోలు, మధ్యలో మిర్చిబజ్జీల బళ్లు. అనకాపల్లి నుంచి అచ్యుతాపురం వచ్చే రోడ్డు వెడల్పు చేయాలని నేను ఉద్యోగంలో చేరినప్పుడే అనుకుంటున్నారు, ఆసియా అభివృద్ధి బ్యాంకు డబ్బుతో నడిచే కారిడార్ ప్రాజెక్టులోకి అది వచ్చాక కూడా ఏళ్లకేళ్లు సాగింది. అంత పెద్ద సెజ్‌కి ఆనుకుని ఉన్న ఊరు పట్టణంలా ఉబ్బిపోయింది, పాలన మాత్రం పంచాయతీది. సెజ్ గోడ లోపల ఆస్తిపన్ను ఏపీఐఐసీ ఆధ్వర్యంలో పారిశ్రామికవాడల్ని చూసుకునే ఐలా వసూలు చేస్తుంది, పాత నిబంధన ప్రకారం అందులో 35 శాతం స్థానిక సంస్థకి. గోడ బయట అద్దెగదులు, చెత్త, మంచినీళ్లు, పోలీసు అవసరాలు నూటికి నూరు శాతం స్థానిక సంస్థవే. ఓ పంచాయతీ కార్యదర్శి నాతో నవ్వుతూ అన్నాడు, "పెళ్లి వాళ్లింట్లో సార్, విస్తళ్లు ఎత్తేది మేం."

2024 ఆగస్టు 21న ఆ సెజ్‌లో ఒక ఫార్మా యూనిట్‌లో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. గాయపడినవాళ్లని అనకాపల్లికీ, విశాఖకీ తీసుకెళ్లారు. ఎవరి నిర్లక్ష్యం అన్నది విచారణల పని. నాకు తట్టింది మాత్రం ఒకటే, మా పాత మ్యాపులో పెద్ద ఆస్పత్రికి ఒక జాగా ఉంది, ఎర్ర రంగులో. రీజియన్ మొత్తానికి ప్లాన్ చేశాం కాబట్టి ఆస్పత్రి కూడా పెట్టాం. కానీ దాన్ని కట్టాల్సింది ఎవరు? అథారిటీకి ఆస్పత్రులు కట్టే బడ్జెట్ లేదు, పంచాయతీకి అసలే లేదు, సెజ్ చూపు గోడ దాటదు. పరిశ్రమకి యజమాని ఉన్నాడు, రంగులో మిగతాదేనికీ లేడు.

ఈలోగా అదే నేల మీదికి కొత్త పేర్లు వచ్చాయి. విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడార్‌లో నక్కపల్లి, రాంబిల్లి క్లస్టర్లయ్యాయి. మందుల ముడిపదార్థాలు తయారుచేసే బల్క్ డ్రగ్ పార్కును ముందు కాకినాడ వైపు తొండంగి మండలంలో అనుకున్నారు, తర్వాత నక్కపల్లికి మార్చారు, ఉమ్మడి వసతులకి కేంద్రం వెయ్యి కోట్ల సాయం. 2025 జనవరి 8న ప్రధాని దానికీ, పూడిమడక దగ్గర ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కీ ఒకేరోజు శంకుస్థాపన చేశారు. నీతి ఆయోగ్ గ్రోత్ హబ్ ప్రయోగానికి ముంబై, సూరత్, వారణాసిలతో పాటు విశాఖని ఎంచుకుంది, ఇప్పుడు మాట్లాడుతున్నది జిల్లాలకి జిల్లాలు కలిపిన విశాఖ ఎకనామిక్ రీజియన్ గురించి. కొలత మళ్లీ పెరిగింది. ప్రతి పేరుతోనూ ఒక కమిటీ, ఒక ఎస్‌పీవీ (ఆ పని కోసమే పెట్టే కంపెనీ), ఒక మ్యాపు వస్తాయి, పాతవి రద్దు కావు. పత్రాలు ఇలా పొరలు పొరలుగా పేరుకుంటుంటే 2025లో నక్కపల్లి మండలం రాజయ్యపేట మత్స్యకారులు బల్క్ డ్రగ్ పార్కు వద్దని రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్ల భయం సముద్రంలోకి వెళ్లే వ్యర్థ జలాల గురించి, చేపల గురించి. ఇంతకీ ఆ చర్చ జరగాల్సిన చోటు ఏది? రాజ్యాంగంలో మెట్రోపాలిటన్ ప్లానింగ్ కమిటీ ఉంది, జిల్లా ప్లానింగ్ కమిటీ ఉంది, ఎన్నికైనవాళ్లు కూర్చునేవి. ఇన్నేళ్లలో ఈ తీరం గురించి అలాంటి కమిటీ ఒకటి కూర్చుని మాట్లాడగా నేను చూడలేదు.

ఇదే పని ఇప్పుడు మళ్లీ నా చేతికి వస్తే మొదట గడువు తేదీ అడుగుతాను, మ్యాపు పూర్తిచేసే గడువు కాదు, రంగుకి గడువు. ఇన్నేళ్లలో యాంకర్ రాకపోతే ఊదా దానంతట అదే ఆకుపచ్చకి తిరగాలి, దానికి ఎవరూ సంతకం పెట్టక్కర్లేదు. ఇది నేను రెండు చోట్ల ప్రతిపాదించాను, రెండు చోట్లా "ఇన్వెస్టర్లకి నెగటివ్ సిగ్నల్ వెళ్తుంది" అన్నారు. రైతుకి పదిహేనేళ్లు వెళ్లిన సిగ్నల్ సంగతి అడిగితే టీ తెప్పించారు. రెండోది పన్ను. గోడ లోపలి పన్నులో గోడ బయటి ఊరి వాటా ముందే గట్టిగా రాసుకోకుండా ఏ పంచాయతీ తీర్మానం ఇవ్వకూడదు, తీర్మానం అయిపోయాక బేరం ఉండదు. ఇక మ్యాపుని ఊరి స్కేలులో, తెలుగులో, సర్వే నంబర్లతో ముద్రించి రచ్చబండ దగ్గర పెట్టాలని నేను ఎప్పుడూ చెప్తాను, దానికి అయ్యే ఖర్చు ఒక ఇన్వెస్టర్ల విందుకంటే తక్కువ.

మొన్నీమధ్య ఒక సంస్థ నుంచి ఒక ఫైలు వచ్చింది. విశాఖ చుట్టుపక్కల కొత్త ప్రాంతీయ ప్లాన్‌కి బేస్ మ్యాపు, సరిచూసి పంపమన్నారు. తీరం వైపు జూమ్ చేస్తే తెలిసిన ఆకారం ఒకటి కనిపించింది, మేం అప్పట్లో గీసిన ఊదా మచ్చల్లో ఒకటి, మూల దగ్గర నా చేతి వంకరతో సహా. మా ఫైలులో దాని పేరు "ప్రతిపాదిత పారిశ్రామికం". ఈ ఫైలులో "ప్రస్తుత పారిశ్రామికం" అని ఉంది. అక్కడ ఇప్పటికీ సరుగుడు తోటలూ, నా 43వ అభ్యంతరం తాలూకు ఆ కాలనీ, కాలనీకి కొత్తగా వేసిన సిమెంటు రోడ్డూ ఉన్నాయి, శాటిలైట్ ఇమేజీలో శుభ్రంగా కనిపిస్తున్నాయి. ఈసారి లేయర్ కిందికి చూశాను. రిమార్క్స్ కాలమ్‌లో సర్వే నంబర్లు వరసగా రాసి, కాలనీ ఫొటోలు జతచేసి పంపాను. ఇంకా జవాబు రాలేదు.